నీటను నేలను బ్రతుకు అడవులు

అడవి యనగా కొండమీదిది, నీరనగా పల్లమునందలిది అని మనవారి సామాన్యభావము. ఈ రెంటికిని నడుమ మఱియొక వనజాతి కలదు. అది ఏటేట కొన్ని మాసములు వఱదనీటిలో మునిగి, కొన్ని మాసములు ఎండకు కాగి, ఈ రెండవస్థలను సమముగా కోరి పెరుగును. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పట్టణముల పఠనాలయములలో సాయంకాలము చేరు మన మిత్రులలో అనేకులకు ఇది క్రొత్తమాటగా తోచవచ్చును. మేము దూరదేశపు వింతను వర్ణించి పాఠకులకు వినోదము కూర్చు తలంపుతో దీని నెత్తుకొనలేదు. ఆ వనజాతికి చెందిన యొక కొమ్మ మన పెన్న యొడ్డుననే యుండెను. మన చెఱువుల గర్భముననే యుండెను. అది నశించుచున్నది. అడవి నశించెనని పత్రికలు వ్రాయునప్పుడు శేషాచలమును, లంకమలను, ఎఱ్ఱచందనమును తలచుకొందురే గాని ఏటిగట్టు చెట్టును లెక్కలోనికి తెచ్చువారు లేరు.

ఉష్ణమండలమున మునుగు అడవులు పలుతెఱగులు. సముద్రపు పోటుపాట్లకు దినమునకు రెండుమాఱులు తడిసి ఆఱునవి మడయడవులు. మన కోరంగియందును, కృష్ణ సముద్రమున గలియు చోటులందును ఉన్న తెల్లమడ, ఉప్పుపొన్న మొదలగునవి ఈ తెగవి. వీనిని నడపునది ఋతువు కాదు, చంద్రుడు. 1999లో ఒడిషా తీరమును ముంచిన మహావాత్యయందు మడయడవి వెడల్పుగా మిగిలియున్న గ్రామములలో ప్రాణనష్టము తక్కువయ్యెనని తరువాత పండితులు లెక్కకట్టి చూపిరి. కోరంగి మడయడవిని 1978లోనే ప్రభుత్వము అభయారణ్యముగా ప్రకటించెను. కాబట్టి మడయడవికి లోకమున కొంత గౌరవము దక్కినదనుకొందము. ఋతువు ననుసరించి మంచినీట మునుగు అడవికి మాత్రము అట్టి భాగ్యము పట్టలేదు.

ఈ రెండవ తెగకు లోకమునందెల్ల గొప్ప నిలయము దక్షిణామెరికాలోని అమెజాను నదీప్రాంతము. అచ్చట నది ఏటేట ముప్పదియడుగులకు పైగా లేచును. తీరపుటడవి నిలువునా నీటిలోనికి పోవును. చెట్ల నడికొమ్మల యెత్తున పడవలు నడచును. పల్లపుచోటుల చెట్లు ఏడెనిమిది మాసములు నీటనే యుండును. అచ్చటివారు దీనిని రెండుగా విభజించిరి. ఆండీసు పర్వతములనుండి ఒండ్రును మోసికొనివచ్చు బురదనీటి నదులు ముంచు అడవి వార్జియా. అది సారవంతము, అచ్చట పైరును పశువును వర్ధిల్లును. రియోనీగ్రో వంటి నల్లనినీటి నదులు ముంచునది ఇగపో. అది నిస్సారమైన నేల, అందు చెట్లు మెల్లగా పెరిగి చిరకాలము జీవించును. ముంపు ఒకటే, నీటిగుణము వేఱగుటచే వనము వేఱయ్యెను. వఱదకాలమున చేపలు అడవిలో ప్రవేశించి, రాలిన పండ్లను తిని, గింజలను దూరదూరములకు మోసికొనిపోవునట. మన తోటలలో గబ్బిలమును చిలుకయు చేయుపని అచ్చట చేప చేయుచున్నది!

అమెజాను మనకు దూరము. కాంబోజదేశము అంత దూరము కాదు. ఆ దేశమున టోన్లేసాప్ అను మహాసరస్సు కలదు. వేసవిలో అది సుమారు 2,500 చదరపు కిలోమీటర్లు. వర్షర్తువున మీకాంగ్ నది పొంగి, సరస్సునుండి తనలో గలియు ఏటిని వెనుకకు పాఱించుటచే సరస్సు ఉబ్బి 15,000 చదరపు కిలోమీటర్ల వఱకు ప్రాకును. ఆ ముంపుభూమిలో సరస్సు చుట్టును మొలతాడువలె పెరిగిన అడవియే ఆ దేశపు మత్స్యసంపదకు పుట్టినిల్లు. చేపలు ఆ చెట్లమొదళ్లను గ్రుడ్లిడును. పిల్లలు వేళ్లసందులను దాగి పెరుగును. ఆ అడవిలో ముఖ్యమైన వృక్షమేదో చెప్పిన మన జిల్లావారు చిఱునవ్వు నవ్వకమానరు. మనవారు దానిని నీటికడప అందురు, సంస్కృతకవులు నిచుళమనిరి. ఎఱ్ఱని పూదండలను క్రిందికి వ్రేలవిడిచి, రాత్రి పూచి, తెల్లవాఱునప్పటికి నీటిమీద పూవులు పఱచు చెట్టది. మన జిల్లా పేరు తిరుమలకు గడప యగుటచే వచ్చెనని పెద్దలందురు గాని, మేము దానిని త్రోసివేసి చెట్టుపేర క్రొత్త వ్యుత్పత్తి కల్పింపబూనుటలేదు. పేరు కలిసినది, అంతే.

ఈ నీటికడప వనము మన తెలుగునేలను ప్రత్యక్షముగా నున్నది. నెల్లూరు సీమలో దొరవారిసత్రము చెంత నేలపట్టు చెఱువున ఈ చెట్లు గుంపులుగా నీటనిలిచియుండును. ఈశాన్య ఋతుపవనము చెఱువును నింపగానే గూడబాతులు, నత్తగుల్లకొంగలు మొదలగు పక్షులు వచ్చి ఆ చెట్లపై గూళ్లు కట్టును. చుట్టును నీరుండుటచే నక్కయు పిల్లియు గూటిదరికి రాజాలవు. కావుననే పక్షులు ఆ తావును కోరినవి. 1976లో దీనిని పక్షిరక్షణకేంద్రముగా ప్రకటించిరి. చెంగల్పట్టు జిల్లాలోని వేడంతాంగల్ చెఱువునందును ఈ చెట్లే, ఈ పక్షులే. అచ్చటి గ్రామస్థులు పక్షులను చంపనీయక కాపాడవలెనని పదునెనిమిదవ శతాబ్ది చివరనే కలెక్టరునొద్ద కౌలు వ్రాయించుకొనిరి. పక్షిరెట్టచే బలిసిన నీరు మడికి పాఱిన ఎరువు వేయనక్కఱలేదని ఆ రైతులు కనిపెట్టిరి. ఏ వృక్షశాస్త్రమును చదువని వారు అడవిని, పక్షిని, చెఱువును, మడిని ఒక్కలెక్కలో వ్రాసికొనిరి. నేటి ఇంజనీరింగు శాఖలో చెఱువొక పద్దు, చెట్టొక పద్దు, పక్షి ఏ పద్దునకును చెందదు.

చెట్టు నీటమునిగి ఎట్లు బ్రతుకునో యొకింత చెప్పవలసియున్నది. మా వాదమంతయు దానిమీదనే నిలిచినది. వేరునకును ఊపిరి కావలెను. నీరు నిలిచిన నేలలో కొలది దినములలోనే ప్రాణవాయువు హరించును. సామాన్యవృక్షము అంతటితో ఉక్కిరిబిక్కిరియై చచ్చును. చీనీచెట్టు మొదట నీరు నిలువనీయరాదని పులివెందుల రైతు ఎఱుగును; కారణమిదియే. ముంపునకు అలవడిన చెట్టు ఉపాయము లెఱుగును. బెరడుమీద చిన్నచిన్న రంధ్రములు తెఱచి గాలి పీల్చును. నీటిమట్టమునకు సమీపమున క్రొత్తవేళ్లు తొడుగును. వేరులోపల గాలి నడుచుటకు గొట్టములవంటి సందులు కల్పించుకొనును. అదియు చాలనప్పుడు ఆకురాల్చి పెరుగుదల మాని, మునివలె కాలము గడపును. నీరు తీయగానే చిగుర్చును. గింజ నీటిపై తేలిపోయి, వఱద తీసిన తడినేలపై మొలచి, మఱుసటి వఱదలోగా తలయెత్తవలెను. కావున ఈ జాతి వృక్షమునకు ముంపు ఎంత యవసరమో, ముంపు తీయుటయు అంతే యవసరము. ఎల్లప్పుడును నీరున్న చచ్చును. ఎన్నడును నీరు రాకున్న ఇతరజాతులు వచ్చి దానిని త్రోసివేయును. నీరెంత యనునది కాదు ప్రశ్న, నీరెప్పుడు అనునదియే.

ఈ సత్యము ఎఱుగకపోవుటవలన కలిగిన అనర్థములకు రెండు దృష్టాంతము లిచ్చెదము. బ్రెజిలుదేశమున ఉవటుమా నదిపై బల్బీనా యను ఆనకట్ట కట్టి 1987లో నీరు నిలిపిరి. రెండువేల చదరపు కిలోమీటర్లకు పైబడిన అడవి జలాశయమున మునిగి నిలువున చచ్చెను. అది అందఱును చూచినదే. ఆనకట్టకు దిగువను జరిగిన చావును చాలకాలము ఎవరును చూడలేదు. విద్యుత్తుకొఱకు సంవత్సరమంతయు ఒకేతీరుగ నీరు వదలుటచే దిగువతీరమున వఱదయు లేదు, ఎండుటయు లేదు. పల్లముననున్న ఇగపో చెట్లు ఊపిరి తీయు గడువు దొరకక క్రమముగా ఎండిపోయినవి. ఇంతకంటె మనకు దగ్గఱిది సింధుదేశపు కథ. సింధునదికి ఇరువైపుల నల్లతుమ్మ వనములు వేలకొలది ఎకరములలో నుండెను. శ్రావణ భాద్రపదములలో నది పొంగి వానిని ముంచి, ఒండ్రు పెట్టి, తొలగెడిది. 1932లో సుక్కూరు ఆనకట్టయు, 1955లో కోట్రి ఆనకట్టయు, తరువాత పైనదులపై మఱికొన్నియు వచ్చినవి. పొలములకు నీరు పాఱెను, సందేహము లేదు. వఱదరాని తుమ్మవనములు క్షీణించెను, అందును సందేహము లేదు. నల్లతుమ్మ మన చెట్టు. సింధున దానికి పట్టిన గతి పెన్నయందు పట్టదని యనుకొనుటకు ఆధారమేమి?

ఇక పెన్నకు వత్తము. కర్ణాటకమున నందికొండలయందు పుట్టి, 597 కిలోమీటర్లు నడచి, నెల్లూరు దాటి సముద్రమున గలియు ఈ నది పేరునకు పెద్దదే గాని స్వభావమున వంకవంటిది. మన జిల్లా సగటు వర్షము సుమారు 700 మిల్లీమీటర్లు. పశ్చిమ భాగములకు అంతయు లేదు. ఏట పది మాసములు ఇసుక, రెండు మాసములు నీరు. చిత్రావతి గండికోటకు ఎగువను కలియును. నది ఎఱ్ఱమల కొండలను చీల్చి గండికోట లోయను దాటి, మైలవరము, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పట్టణములను తాకి, తరువాత కుందూను, గండివద్ద కొండ తొలిచికొని వచ్చిన పాపఘ్నిని కలిపికొనును. ఇట్టి నదియొడ్డున అమెజానువలె మహారణ్యముండునా యని ఎవరైన నవ్విన మేమును నవ్వుదుము. ఉండునది సన్నని అంచు. గట్టున ఏఱుమద్ది, కానుగ, నేరేడు; కొంచెము లోపలికి వావిలి, ఈత, మొగలి; ఇసుకతిన్నెలపై రెల్లు, జమ్ము, తుంగ; ఒండ్రుపట్టిన పల్లములలో నల్లతుమ్మ. భారతదేశపు అడవులకు తరగతు లేర్పఱచిన ఛాంపియన్ పండితుడు 1936లోను, 1968లో సేఠ్ గారితో గూడి సంస్కరించిన గ్రంథమునందును మెట్టసీమ నదీతీరవనమునకు ప్రత్యేకస్థానమే యిచ్చెను. అంచు సన్ననిది గనుక విలువ తక్కువ యనరాదు. చీరకు అంచే గదా నిలకడ! నేతగాండ్రున్న ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు దీనిని మేము బోధింపనక్కఱలేదు.

ఈ అంచునకు గత నలువది సంవత్సరములలో జరిగినదేమి? గండికోటలోయకు పైన 26.85 టి.యం.సి.ల జలాశయము వెలసెను; 2020లో తాళ్లప్రొద్దుటూరు మొదలగు గ్రామములవారిని కదలించి దానిని పూర్తిగా నింపుటకు పూనిరి. దాని క్రిందనే అంతకుముందునుండి మైలవరము ఆనకట్ట కలదు. పులివెందుల సీమలో పార్నపల్లెవద్ద చిత్రావతిపై 10 టి.యం.సి.ల జలాశయము కలదు. గండికోటనుండి నీటిని ఎత్తిపోసి దానిని నింపుచున్నారు. శ్రీశైలమున కృష్ణ పొంగినగాని ఇవియేవియు నిండవు. అనగా పెన్న లోయలో నేడు నిలిచియున్నది ముఖ్యముగా కృష్ణాజలము. ఒక నది గర్భమున మఱియొక నది వచ్చి కాపురముండుట మన తరమువారు చూచిన విచిత్రము.

మేమీ జలాశయములకు విరోధులము కాము. వేయియడుగులు త్రవ్వినను బోరున తడిగానక చీనీతోటలు ఎండి, రైతులు కొడవళ్లకు బదులు గొడ్డళ్లు పట్టి తమ చెట్లను తామే నఱికికొనిన దినములు పులివెందుల మఱవలేదు. అట్టిచోటికి నీరు తెచ్చుట పుణ్యకార్యము. ఇల్లు వాకిలి విడిచి వచ్చిన ముంపుగ్రామములవారి ఋణము ఇంకను తీఱవలసియున్నదని మాత్రము చెప్పి, ఆ విషయమును వేఱొకమాఱు చర్చింతుము. నేడు మేమడుగునది వేఱు. జలాశయములో నీరెంత నిలుపవలెనను లెక్క ఉన్నది. కాలువకెంత, ఎత్తిపోతకెంత, త్రాగుటకెంత అను లెక్కలున్నవి. ఏటికెంత అను లెక్క ఏ కాగితమున నున్నది? ఎగువను ముంపు తీయని ముంపు, దిగువను వఱదరాని ఎండ: బల్బీనాయందు జరిగిన రెండుచావులును మన లోయయందొకచోటనే జరుగుచున్నవి. మైలవరమునకు దిగువ పెన్న, గేట్లెత్తిన దినములలో తప్ప ఇసుకబాట. వేసవిలో ప్రొద్దుటూరి దాహమునకై పైనుండి నీరు విడువవలసివచ్చుట పురజనులెఱిగినదే.

ఆ ఇసుకయు నిలుచుట లేదు. ఇసుక యనగా ఇల్లుకట్టు సామగ్రి యని మాత్రమే నేటివారు చూచుచున్నారు. ఏటికి ఇసుక నీళ్లకొట్టు. పై యెండ తగులకుండ వఱదనీటిని కడుపున దాచి గట్టుచెట్లకును గట్టుబావులకును మెల్లగా పంచిపెట్టును. ఇసుక తీసిన లోతున ఏటినీరు క్రిందికి దిగును. ఏఱుమద్ది వేరు దానిని వెన్నంటి కొంతదూరమే పోగలదు. మహావృక్షము ఒక్క యేటిలో చావదు. కొన ఎండును, తొఱ్ఱపడును, ఒకనాడు గాలికి పడును. అప్పుడు గాలిని నిందింతురు.

ఖాళీపడిన చోటికి ఎవరు వచ్చిరో ప్రతివారును ఎఱుగుదురు. సర్కారుతుమ్మ! దీని చరిత్ర మన జిల్లావారు ప్రత్యేకముగా తెలిసికొనదగినది. 1876 ప్రాంతమున మద్రాసు అటవీశాఖాధికారియైన బెడ్డోము దొర, మెట్టసీమలకు వంటచెఱకు దొరకుటకై అమెరికాఖండపు చెట్టుగింజలను తెప్పింపవలెనని వ్రాసెను. వచ్చిన గింజలను నాటిన తొలిచోటులలో మన కమలాపురము ఒకటి. పెన్నకును పాపఘ్నికిని నడుమనున్న ఆ నేలనుండి ఈ చెట్టు దక్షిణదేశమంతయు వ్యాపించినదనుట అతిశయోక్తి కాదు. బెడ్డోము పరమమూర్ఖుడనియు మేమనము. ఆయన గొప్ప వృక్షశాస్త్రజ్ఞుడు, ఉద్దేశము మంచిది. వంటచెఱకు దొరికెను, నేటికిని వేలకొలది బీదకుటుంబములు దీనిని కొట్టి బొగ్గు కాల్చి జీవించుచున్నవి. కాని ఈ చెట్టు చెఱువుగర్భమునకును, కాలువగట్టునకును, ఏటికడుపునకును దిగెను. మేక కాయ తినును, గింజ మొలచును, ముల్లు పెరుగును, మనుష్యుడు చొరజాలడు. దానినీడ గడ్డియు సరిగా మొలవదు. వఱద వచ్చి క్రమము తప్పక కడిగిపోవు ఏటిలో ఇది ఇంతగా పాతుకొని యుండెడిది కాదని మా యభిప్రాయము. ఏఱు ఏఱుగా లేనందున ముల్లు రాజ్యము చేయుచున్నది.

చెఱువుల మాట చెప్పక ఈ విషయము ముగియదు, ఏలయన మన సీమయందు నిజముగా ఋతువు ననుసరించి మునుగు అడవి ఏటికంటె చెఱువునందే యెక్కువ. మన జిల్లా చెఱువులకు దేశమున నెన్నదగిన చరిత్ర కలదు. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు పోరుమామిళ్లలో అనంతరాజసాగరమును కట్టించి 1369లో వేయించిన శాసనమున, మంచి చెఱువునకు పండ్రెండు సాధనములు కావలెననియు, తప్పవలసిన దోషములు ఆఱనియు చెప్పబడియున్నది. వేయిమంది కూలీలు, నూఱు బండ్లు, రెండేండ్లు పనిచేసిరట. దశబంధపు ఇనాములిచ్చి చెఱువులను కాపాడించిన సంప్రదాయము మన తాతలనాటిదాక నుండెను. ఆ చెఱువుల వెనుకతట్టున, నీరు నిండినప్పుడు మునిగి, మాఘ ఫాల్గునములలో బయటపడు పల్లమున నల్లతుమ్మలు పెరిగెడివి. నడుముదాక నీటిలో నిలిచియు చెట్టు చెక్కుచెదరదు. బండిచక్రము, నాగలి, కాడి, గొడ్డలిపిడి దానివే; తోలు పదునుపెట్టుటకు పట్ట, మేకకు కాయ, మందునకు బంక, ఒండ్రునకు అడ్డు, కొంగకు గూడు. చెఱువుతుమ్మలను వేలమువేసి ఆ సొమ్ముతో ఊరిపనులు నడపుకొనిన గ్రామములు మన ముదుసలులకు జ్ఞప్తియం దుండును.

తరువాతి కథ చాలవఱకు సామాన్యమైనది గనుక త్వరగా చెప్పి దాటెదము. 1997లో రైతుల నీటిసంఘముల చట్టము వచ్చెను. 2002లో నీరు, నేల, చెట్టు మూడింటిని ఒక్క పేరున గ్రుచ్చిన చట్టము వచ్చెను. పేరు పెట్టినవారు తత్త్వమెఱిగినవారే యని ఒప్పుకొనవలెను. 2015లో నీరు–చెట్టు అను కార్యక్రమము వచ్చెను. అందు మట్టి తీసిరి, గట్టు వేసిరి, బిల్లులు వ్రాసిరి. చెట్టు ఎక్కువగా పేరుననే మిగిలెను. పూడిక తీయుట మంచిపనియే. కాని పూడికతోగూడ వెనుకతట్టు తుమ్మలనుగూడ యంత్రముతో పెకలించి, గర్భమునంతను పళ్లెమువలె చదును చేసిన చెఱువున మఱుసటి వానకే పైనుండి మట్టి నేరుగా దిగివచ్చును. పూడికను ఆపునది ఆ వెనుకతట్టు వనమేయని మఱచిన ఫలమిది.

మా మాటకు ఇంజనీర్లు చెప్పు ఆక్షేపణ నెఱుగుదుము. అది త్రోసివేయదగినది కాదు. మట్టికట్టమీద చెట్టు పెరిగిన వేరుసందున నీరు ఊరి కట్ట తెగునందురు. సత్యము. కట్టమీద, తూముదాపున, మరవమీద ఏ చెట్టునుండరాదు; సర్కారుతుమ్మ అసలే యుండరాదు. ఏటినడుమ చెట్లు దట్టమైన వఱద అడ్డుపడి ప్రక్కఊళ్లమీదికి పోవునందురు. అదియు సత్యమే. మేము కోరునది నడుమను కాదు, అంచున. కట్టమీద కాదు, వెనుకతట్టున. ఈ భేదమును పాటించుట కష్టము కాదు. 2021 నవంబరు 19న చెయ్యేటిపై అన్నమయ్య జలాశయము తెగి రాజంపేట ప్రాంతమున పులపత్తూరు, మందపల్లె మొదలగు ఊళ్లు తుడిచిపెట్టుకొనిపోయి పదులకొలది జనులు మరణించిరి. ఆ దినములలోనే కమలాపురమువద్ద పాపఘ్నివంతెన కూలెను. ఆ ఘోరమునకు చెట్లులేమియే కారణమని మేమనము. అంతటి నీటికి ఏ చెట్టును అడ్డు నిలువదు, గేట్లును కట్టలును సరిగానుండవలెను. కాని గట్టుఅంచున వేరులల్లుకొని మట్టిని పట్టియుంచునది లేనప్పుడు, చిన్న వఱదకును గట్టు విఱిగి పొలము ఏటిలో కలియుచుండుట ఏటియొడ్డు రైతెవ్వడైనను చూపగలడు.

ఏమి చేయవలెను? గండికోట, మైలవరము, చిత్రావతి జలాశయములలో నీరు నిండినప్పటి మట్టమునకును వేసవిలో దిగినప్పటి మట్టమునకును నడుమ బోడినేల యొకటి ఏటేట బయటపడుచున్నది. ప్రకృతి మునుగు అడవికొఱకే కొలిచి పెట్టినట్టి నేల యది. అందు పైయంచున నల్లతుమ్మ, ఏఱుమద్ది, కానుగలను నాటి చూడవలెను. జాలరులకు చేపయు, గొఱ్ఱెలకాపరులకు మేతయు, జలాశయమునకు తక్కువ పూడికయు దొరకును. రెండవది, శ్రీశైలము నిండి కృష్ణాజలము సముద్రము పాలగుచున్న సంవత్సరములలో, మైలవరమునుండి పెన్నకు కొలదిదినములపాటు గట్టులంటునట్లు నీరు వదలవలెను. నెలలతరబడి చుక్కలు చుక్కలుగా విడుచుటకంటె ఒక్కమాఱు పాఱు ఏఱు మేలు. ఇసుక తడియును, బావులు ఊరును, గింజ తేలి గట్టుచేరును. మూడవది, సర్కారుతుమ్మను తీయువారు బొగ్గుకాల్చు బీదలను మొదట అడిగి, ముక్కముక్కగా తీసి, తీసినచోట ఆ సంవత్సరమే వేఱుచెట్టు పెట్టవలెను. లేకున్న మొద్దునుండి నాలుగింతలై లేచును. ఇసుక విషయమున గట్టుచెంత త్రవ్వకూడదన్న నియమములు ఉన్నవి. వానిని అమలుజరుపుట తప్ప క్రొత్తగా చెప్పవలసినది లేదు.

నేలపట్టు నీటికడపను మన చెఱువులకు తేవచ్చునా? ఆ సీమ తడిది, మనది పొడిది; కావున ఊరూర నాటుడని చెప్పు సాహసము మాకు లేదు. వేసవిదాక నీరు నిలుచు చెఱువొకటి యెన్ని, పది మొక్కలు పెట్టి, అయిదేండ్లు చూడవచ్చును. బెడ్డోము ఒక గింజను తెచ్చి పరీక్షింపక వదలినందున వచ్చిన ఫలమును చూచితిమి గదా.

ఇట్టి చిన్నవస్తువులకొఱకు ప్రభుత్వము కదలునా యని నిరాశపడువారికి కలివికోడిని జ్ఞప్తిచేయుదుము. ఎనుబదియేండ్లకు పైగా కానరాక నశించిపోయెనని లోకమనుకొనిన ఆ పక్షి 1986లో మన జిల్లాలో రెడ్డిపల్లెచెంత దొరికెను. 2005లో తెలుగుగంగ కాలువత్రవ్వకము దాని పొదలనడుమకు వచ్చినప్పుడు పని నిలిపి, తుదకు కాలువ త్రోవనే మార్చిరి. అరచేతిలో పట్టు పక్షికొఱకు కాలువ తొలగినప్పుడు, మూడు పట్టణముల నీటికొఱకు గేటు నాలుగుదినములు ఎత్తరాదా?

ప్రొద్దుటూరు పురపాలకసంఘమువారును, జమ్మలమడుగు, పులివెందుల నీటిసంఘములవారును, కళాశాలల వృక్షశాస్త్రోపాధ్యాయులును ఆజ్ఞలకై కనిపెట్టుకొని యుండనక్కఱలేని పని యొకటి కలదు. కానుగకాయ వేసవి తుదలోగా పండి రాలును. గింజ కొంతకాలము నిలువయుండును. నేరేడుగింజ అట్లు కాదు. జ్యేష్ఠాషాఢములలో పండు రాలిన పదిపదునైదు దినములలో మన్నున పడకున్న మొలకశక్తి కోల్పోవును. కావున నారుమడి వేసవిలోనే సిద్ధముకావలెను, గింజలు సంతలో పండ్లమ్ము స్త్రీలనుండి ఆ వారమే కొనవలెను, వానలు పడి చెఱువు వెనుకతట్టు తడిసినతోడనే మోకాలెత్తు మొక్కలను, మొదటి ముంపున తల మునుగని మెరకచూచి, నాటవలెను.